జయసాగర్ చూడని పదకొండు దేశాలు

జయసాగర్ జీవితంలోకి చంద్రిక తిడుతూనే వచ్చింది.

అప్పుడతను జర్మనీలో, కెమ్నిట్జ్‌లో తన హాస్టల్ అయిదో అంతస్తు వంటగదిలో పప్పుకి తాలింపు వేస్తున్నాడు. పొగకి ఫైర్ అలారం మోగకుండా ఒక చేత్తో కిటికీ తెరిచి పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతున్నాడు. తడిసిన జాకెట్‌తో ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి, ఇక్కడ జయసాగర్ అంటే ఎవరని అడిగింది. నేనేనండి అన్నాడు. ఆమె ఫోన్ తీసి అతని ముక్కు ముందు పెట్టింది. అందులో ఉన్నది అతను రాసిన పోలండ్‌లోని క్రాకోవ్ ట్రిప్పు ప్లాను.

“పెట్రోల్ బంక్ వెనక బస్టాప్ ఉంటదని రాసిన్రు. అక్కడ బస్టాప్ లేదు. తీసేసి ఏడాదైందట. నలుగురం ఆడపిల్లలం గంటన్నర వానల నిలవడ్డం. అసలు మీరు క్రాకోవ్ ఎప్పుడు పోయిన్రు?”

నేను వెళ్ళలేదండి అని ఒక్క మాట అనేస్తే అక్కడితో సరిపోయేది. కానీ ఆమె కనురెప్పల మీద ఇంకా రెండు వాన చినుకులున్నాయి. జయసాగర్ వాటిని చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

“పోయినేడాది వెళ్ళానండి. అప్పుడు ఉండేదండి, బస్టాపు” అన్నాడు.

పప్పులో ఆవాలు మాడిపోయాయి. అలారం మోగింది. మొత్తం అయిదంతస్తుల వాళ్ళూ కిందకి దిగి చలిలో నిలబడ్డారు. ఆ గుంపులో ఆమె అతని పక్కనే నిలబడి, తన పేరు చంద్రిక అనీ, జగిత్యాల నుంచి వచ్చాననీ, ఎంబెడెడ్ సిస్టమ్స్ రెండో సెమిస్టరనీ, ఆ ప్లాను నమ్మినందుకు తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనుందనీ వరసగా చెప్పింది. జయసాగర్ ఒకటే గమనించాడు. ఇంతసేపు తిట్టినా ఆమె అతన్ని ఒక్కసారి కూడా ‘అన్నా’ అనలేదు.

అది చిన్న విషయం కాదు. కెమ్నిట్జ్‌లో తెలుగు పిల్లలందరికీ అతను సాగరన్న. సెలవులు దగ్గర పడితే చాలు, పాస్‌పోర్టు కంటే ముందు అతన్ని వెతుక్కుంటారు. మూడు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో అతను రాసిన ప్లాన్లు పదకొండు దేశాలకి ఉన్నాయి. తొంభై యూరోల్లో పారిస్, వెనిస్‌లో ఉచితంగా మంచినీళ్ళు పట్టుకునే కొళాయిలు, ఏ హాస్టల్లో వంటగది ఉంది, ఏ సూపర్‌మార్కెట్ మూసేముందు రొట్టె సగం ధరకి ఇస్తుంది, అన్నీ గంటలతో సహా ఉంటాయి. రోమ్‌లో ఫలానా సందులో పిజ్జా అంచు కరకరలాడుతుందని కూడా రాశాడు.

నిజానికి జయసాగర్ జర్మనీకి వచ్చాక జర్మనీ దాటి అడుగు బయట పెట్టలేదు.

రోమ్‌నీ పారిస్‌నీ అతను చూసింది మ్యాప్‌లో. వీధుల ఫొటోల మీద వేలు పెట్టి నడుచుకుంటూ, సందు సందూ తిరిగి, ఎక్కడ మెట్లున్నాయో ఎక్కడ బెంచీ ఉందో రాసుకునేవాడు. మీరు వెళ్ళినప్పుడు ఎలా ఉందన్నా అని ఎవరో అడిగారు. బాగుందమ్మా అన్నాడు. అలా మొదలైంది. అబద్ధం చెప్పానని అతనికి అనిపించలేదు, కాదని చెప్పలేదంతే. రెండేళ్ళలో ఆ చెప్పకపోవడం పెరిగి పెద్దదై పదకొండు దేశాలు ఆక్రమించింది.

వెళ్ళకపోవడానికి కారణం ఒక్కటే. అతనికి బస్సు పడదు. రైలు పడుతుంది, నడక పడుతుంది. కానీ స్టూడెంట్ల బడ్జెట్‌లో సరిహద్దు దాటాలంటే బస్సే గతి. వచ్చిన మొదటి క్రిస్మస్ సెలవుల్లో ముగ్గురు రూమ్మేట్లతో ప్రాగ్ బస్సెక్కాడు. కొండలు మొదలవగానే కడుపులోదంతా పైకొచ్చింది. సరిహద్దు రాకముందే బస్సు ఆపించి దిగి, రైల్లో వెనక్కి వచ్చి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. ఆ ముగ్గురూ ఉద్యోగాలొచ్చి స్టట్‌గార్ట్ వెళ్ళిపోయాక ఈ సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో ఇప్పటి రూమ్మేట్ కృపాల్ ఒక్కడే. సిగ్గు ఎందుకంటే, జయసాగర్ నాన్న భాస్కరరావు ఆర్టీసీ డ్రైవరు. రాజమండ్రి డిపోలో ఇరవయ్యారేళ్ళుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద బస్సు నడుపుతున్నాడు.

వారం తర్వాత చంద్రిక మళ్ళీ వచ్చింది. ఈసారి జాకెట్ పొడిగా ఉంది, తీర్పు సిద్ధంగా ఉంది. పెంతెకోస్తు పండగ వారం సెలవులకి ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, అయిదు రోజుల ప్లాను వేసి ఇవ్వాలట. వానలో నిలబెట్టినందుకు అది జరిమానా అట. ఈసారి పక్కన కూర్చుని ప్రతి బస్టాపూ తనే సరిచూస్తుందట.

అయిదు వారాలు సరిచూసింది. రోజూ సాయంత్రం యూనివర్సిటీ క్యాంటీన్ మెన్సాలో కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరూ కూర్చునేవారు. అతను మ్యాప్ తెరిచేవాడు, ఆమె ఫోన్ తెరిచేది. అతను ఫలానా హాస్టల్లో పొయ్యి ఉందండి అంటే, ఆమె ఆ హాస్టల్‌కే ఫోన్ చేసి, పొయ్యి ఉందా, ఉంటే పని చేస్తుందా, ఇండియన్ ఫుడ్ వండుకోనిస్తారా, ఉల్లిపాయ వాసన వస్తే ఏమైనా అంటారా అని అడిగేది. అవతలి వాళ్ళు విసుక్కుంటే ఇంకో రెండు ప్రశ్నలు వేసేది. ఇంత పట్టుదల ఉన్న మనిషి ఇంజనీరింగ్‌లో ఎందుకుంది, పోలీసుల్లో ఉండాలి కదా అనుకునేవాడు జయసాగర్. అలా అనుకుంటూనే ఆమె ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ ఆమెనే చూసేవాడు.

వాళ్ళ తగాదాలన్నీ తిండి దగ్గరే. పులిహోర రెండు రోజులు నిలవుంటుందని అతను, మూడో రోజు ఏం తింటరని ఆమె. చివరికి తన రైస్ కుక్కర్ తెస్తానంది. జగిత్యాలలో వాళ్ళమ్మ కొనిపెట్టిన ఎర్ర కుక్కరది. ఇరవై మూడు కిలోల లగేజీలో బట్టలు తగ్గించి మరీ తెచ్చుకుంది. దాన్ని మోసే బాధ్యత అతనిదే అంది. జయసాగర్‌కి ఎవరైనా కిరీటం మోయమన్నా అంత సంతోషం వేసేది కాదు.

మొదటిరోజు నుంచీ అతన్ని ఒక భయం పట్టుకుంది. తెలంగాణ అమ్మాయిలకి అన్నా అనడం ఎంతసేపు. చంద్రిక రూమ్మేట్ ఈషా అయితే పరిచయమైన నిమిషంలోనే సాగరన్నా అనేసింది. చంద్రిక మాత్రం ఏవండీ అనదు, అన్నా అనదు, పేరు పెట్టి పిలవదు. ‘ఇగో’ అంటుంది. ఇగో ఇటు చూడున్రి, ఇగో ఈ లెక్క తప్పుంది. నాలుగో వారానికి ‘చూడున్రి’ కాస్తా ‘చూడు’ అయింది. ఆ రాత్రి జయసాగర్ ఆ ఒక్క అక్షరం తేడా గురించి కృపాల్‌కి గంట సేపు వివరించాడు. నర్సాపురం పాస్టరుగారి అబ్బాయి కృపాల్ ఓపికగా విని, నిద్రొస్తోంది, ప్రార్థన చేసుకుని పడుకో అన్నాడు.

మరో వారానికి ప్లాను పూర్తయింది. చంద్రిక ఫోన్ పక్కన పెట్టి, ఒక మాట అంటే కాదనొద్దంది.

“నువ్వు గూడ రా. అన్ని చూసినోడివి, పక్కనుంటే మాకు ధైర్యం. కృపాల్‌ని గూడ తోల్కరా, ఈషాతోని కల్పి నలుగురమైతం.”

“అలాగేనండి” అన్నాడు జయసాగర్. నోరు ఆ మాట అన్నాక చాలాసేపటికి గాని కడుపుకి సంగతి తెలియలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడితే, నిజం చెప్పెయ్యరా, ఆ అమ్మాయి నిన్నేం కొరుక్కు తినదు అన్నాడు కృపాల్. చెబితే ఏమవుతుందో జయసాగర్‌కి బాగా తెలుసు. క్రాకోవ్ వెళ్ళలేదని తెలుస్తుంది. ముఖం మీదే అబద్ధం చెప్పాడని తెలుస్తుంది. ఆ తర్వాత ఇగో అని కూడా పిలవదు. చెప్పకపోతే బస్సెక్కాలి. రెండూ బేరీజు వేసుకుని బస్సుకే సిద్ధపడ్డాడు.

నాన్నకి ఫోన్ చేసి, ఘాట్ రోడ్డులో ప్యాసింజర్లు వాంతి చేసుకోకుండా ఏం చేస్తారని, ఎవరో స్నేహితుడి కోసమన్నట్టు అడిగాడు. భాస్కరరావు ముందు సీట్లో కూర్చోమన్నాడు, రోడ్డు మీదే చూపు పెట్టమన్నాడు, నిమ్మకాయ వాసన చూడమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ స్నేహితుడు నువ్వేనేంట్రా?”

“అవును నాన్నా.”

“మీ అమ్మక్కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నేనూ వెనక సీట్లో కూర్చుంటే పది కిలోమీటర్లు తట్టుకోలేను. స్టీరింగ్ చేతిలో ఉంటే ఏమీ అవదు. అందుకే డ్రైవర్నయ్యాను. డిపోలో ఎవరికీ తెలీదు.”

జయసాగర్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. స్టీరింగ్ దొరికే దారి లేదు కాబట్టి ముందు సీటు మీద ఆశ పెట్టుకున్నాడు. అక్కడే తన గొయ్యి తను తవ్వుకున్నాడని తెలిసింది. అతను రాసిన ప్రతి ప్లానులోనూ నాలుగో నియమం ఒకటే: సీటు రిజర్వేషన్‌కి డబ్బు తగలెయ్యొద్దు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. ట్రిప్పు ఖర్చులన్నీ చంద్రిక చేతిలో ఉన్నాయి. ముందు సీటు కొందామండి, మూడున్నర యూరోలేనండి అని బతిమాలితే, నువ్వు రాసిన రూలే కదా, గురువే తప్పితే ఎట్ల అంది.

మిగిలిన వారమంతా సిటీ బస్సుల్లో సాధన చేశాడు. మొదటి రోజు మూడు స్టాపులు, రెండో రోజు అయిదు. జేబులో నిమ్మకాయ, చేతిలో ప్లాస్టిక్ సంచి. మందుల షాపావిడ ఇచ్చిన మాత్ర వేసుకుంటే బస్సులో నిద్రపోయి డిపోలో లేచాడు. ఎనిమిదో స్టాపు మాత్రం ఒక్కనాడూ దాటలేకపోయాడు. ప్రాగ్‌కి స్టాపులు లేవు, ఎక్కితే దాదాపు రెండున్నర గంటలు.

ఆ శనివారం పొద్దున బస్సు నిండుగా వచ్చింది. ఖాళీ ఉన్నవి చిట్టచివరి వరసలో నాలుగు సీట్లు. ఎంత లక్కీనో చూడు, అందరం ఒక్కతాన కూసోవచ్చు అంది చంద్రిక. జయసాగర్ మధ్యలో కూర్చుని ఎర్ర కుక్కర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. మాత్ర వేసుకోలేదు. ఆమె పక్కన కూర్చునే మొదటి ప్రయాణంలో నిద్రపోవడానికి మనసొప్పలేదు. మొదటి నలభై నిమిషాలు మాట్లాడాడు కూడా. కొండలు మొదలయ్యాక మాట తగ్గించాడు. ప్రాగ్‌లో ఆ పాత వంతెన మీద పొద్దున్నే ఎట్లుంటదని ఈషా అడిగితే తల ఊపాడు.

“ఇగో, ఏమైంది? చెమటలు పడ్తున్నయ్” అంది చంద్రిక.

ఏం లేదండి అనబోయాడు. నోరు తెరవడమే పొరపాటైంది. ముందు సీటు జేబులో కాగితం సంచి ఉంది, కృపాల్ దాన్ని అందుకునేలోపే జరగాల్సింది జరిగిపోయింది. జయసాగర్‌కి అందుబాటులో, మూత తీయగలిగేంత దగ్గరగా, ఒక్కటే పాత్ర ఉంది.

జగిత్యాల నుంచి ఇరవై మూడు కిలోల్లో చోటు చేసుకుని వచ్చిన కుక్కర్‌లోకి పొద్దున తిన్న ఉప్మా అంతా వెళ్ళిపోయింది.

బస్సు మొత్తం వెనక్కి తిరిగింది. డ్రైవరు మంచివాడు, సరిహద్దుకి ఇవతల ఒక చిన్న ఊళ్ళో బస్సు ఆపి, గాలి పీల్చుకోమన్నాడు. జయసాగర్ గాలి పీల్చుకోలేదు, బ్యాగు కూడా దింపుకున్నాడు. మీరు వెళ్ళండి, నేను వెనక్కి పోతానని కృపాల్‌తో చెప్పి, కుక్కర్ మూత మీద చెయ్యి పెట్టుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా నడిచాడు. వెనక బస్సు తలుపు మూసుకున్న చప్పుడైంది. అమ్మయ్య అనుకుని తిరిగి చూస్తే చంద్రిక గొడుగు తెరుస్తోంది. చినుకులు పడుతున్నాయి.

“మీరెందుకు దిగారండి?”

“కుక్కర్ నాది.”

చర్చి ముందు నీళ్ళ తొట్టి, దాని మీద ఒక కొళాయి ఉన్నాయి. అక్కడ కూర్చుని జయసాగర్ కుక్కర్ తోమడం మొదలుపెట్టాడు. ఆమె గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. గొడుగు కుక్కర్ మీదుంది, అతని మీద లేదు. మూడోసారి కడుగుతూ అతను మొత్తం చెప్పేశాడు. బస్సు పడదని, ప్రాగ్ చూడలేదని, వియన్నా చూడలేదని, క్రాకోవ్ చూడలేదని, పదకొండు దేశాల్లో ఒక్కటీ చూడలేదని. తలెత్తకుండా చెప్పాడు. అయ్యాక నాలుగోసారి కడిగాడు.

 చంద్రిక నవ్వుతుందేమోనని అతను మనసులో ఒక మూల ఆశపడ్డాడు. నవ్వలేదు.

“వాంతి చేసుకున్నందుకు నాకు కోపం లేదు. క్రాకోవ్ పోయినప్పుడు ఈషా మాతోనే ఉంది, ఈ దేశానికే కొత్త. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. దారి తెల్వక, బస్సు రాక ఆ పిల్ల ఏడ్సింది. నేను పోలేదు, మ్యాప్‌ల చూసి రాసిన అని పైన ఒక్క ముక్క రాస్తే, నేనే ఫోన్ చేసి కనుక్కునేదాన్ని గద. నీ పేరు పోతదని మమ్మల్ని నిలవెట్టినవ్. అది గుర్తుందా నీకు?”

బస్సులో పడ్డ సిగ్గు దీని ముందు ఏమీ కాదనిపించింది జయసాగర్‌కి.  చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోన్ తీశాడు. మూడు వందల మంది ఉన్న గ్రూపులో రాశాడు: నేను రాసిన ప్లాన్లలో ఉన్న ఏ ఊరూ నేను చూడలేదు. అన్నీ మ్యాప్‌లో చూసి రాసినవే. వెళ్ళేముందు బస్టాపులు ఫోన్ చేసి కనుక్కోండి. ఇన్నాళ్ళూ చెప్పనందుకు క్షమించండి. పంపే ముందు ఆమెకి చూపించాడు. చదివి, బస్టాపుల పక్కన ‘హాస్టల్ పొయ్యిలు గూడ’ అని రాయమంది. రాసి పంపాడు.

ఫోన్ మోగడం మొదలైంది. నవ్వే బొమ్మలు, ఏడ్చే బొమ్మలు, తిట్లు. అన్నా, మరి రోమ్ పిజ్జా అంచు కరకరలాడుతుందని రాశారు కదా అని ఒకడు అడిగాడు. అది మన మెన్సాలో తిన్నది తమ్ముడూ అని జయసాగర్ నిజం రాశాడు. అది చదివి చంద్రికకి నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు. గొడుగు ఇటు జరిగి ఇద్దరి మీదికీ వచ్చింది.

ఇప్పుడేం చేద్దాం, ప్లాన్ చెప్పు అంది. తన దగ్గర ప్లాను లేదన్నాడు. ఈ ఊరు అతని పదకొండు దేశాల్లో దేన్లోనూ లేదు. ఆమె ఎదురుగా ఉన్న రొట్టెల దుకాణంలోకి వెళ్ళి, వచ్చీరాని జర్మన్‌లో పది ప్రశ్నలు అడిగి వచ్చింది. ఊరి చివర చిన్న వాగు ఉందట, దాని మీద నడిచే వంతెన ఉందట, అవతల చెక్ దేశమట, అక్కడ స్టేషన్ నుంచి రైళ్ళు మారుకుంటూ సాయంత్రానికి ప్రాగ్ చేరొచ్చట. ప్రాగ్ హాస్టల్లో కలుద్దామని ఈషాకీ కృపాల్‌కీ అప్పటికే ఫోన్ కూడా చేసేసింది.

వంతెన నిజంగానే చిన్నది. ఇరవై అడుగులుంటుంది. ఇవతల ఒక బోర్డు, అవతల ఒక బోర్డు, కింద మోకాలి లోతు నీళ్ళు. రెండు బాతులు ఏ దేశమో పట్టించుకోకుండా అటూ ఇటూ ఈదుతున్నాయి. జయసాగర్ మధ్యలో ఆగాడు.

“చంద్రిక గారూ, కుక్కర్ కోసమే దిగారా?”

“ఒక కుక్కర్ కోసం ఎవరన్న కొన్న టికెట్ ఇడ్సిపెట్టి వానల దిగుతరా? నీకు మ్యాప్‌లు సదువుడే వస్తది.”

 ఇంకా పోగొట్టుకోవడానికి మిగిలింది ఏమీ లేదనుకుని అనేశాడు.

“మీరంటే నాకిష్టమండి. చాలా.”

చంద్రిక అతని ముఖంలోకి చూసింది, క్రాకోవ్ ప్లాను పట్టుకుని గుమ్మంలో నిలబడిన రోజు చూసినట్టే.

“ఇది గూడ మ్యాప్‌ల చూసి చెప్తున్నవా? నిజంగ పోయి చూసినవా?”

“ఆరు వారాల నుంచి అక్కడే ఉంటున్నానండి.”

 గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అతని చేతిలోంచి కుక్కర్ తీసుకుని తన బ్యాగులో పెట్టుకుంది. తర్వాత వాగు వైపు చూస్తూ మెల్లగా చెప్పింది.

“నేను గూడ ఆడికే వచ్చిన. మొన్న మొన్ననే. పదా, రైలుంది.”

వంతెన దాటాక రోడ్డు రెండుగా చీలింది. జయసాగర్ అలవాటుగా ఫోన్ తీయబోయి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన కనిపిస్తే స్టేషన్‌కి దారెటని అడిగాడు. ఆయన చెక్ భాషలో చాలాసేపు ఏదో చెప్పి, చివర్లో చేత్తో కుడివైపు చూపించాడు. ఇద్దరూ అటే నడిచారు.